కోటు మీద కొయ్యపిట్ట

మా ఇంట్లో దేవుడి గూటి పక్కన ఉన్న చిన్న అద్దాల బీరువాలో బొటనవేలంత కొయ్యపిట్ట ఒకటి ఉంది. నీలం రెక్కలు, తెల్లటి పొట్ట, ఆవగింజంత కన్ను, సన్నటి తీగ కాళ్ళు. వెనక్కి తిప్పి చూస్తే ఒక పిన్నీసు. ఇంటికొచ్చిన తెలుగువాళ్ళు దాన్ని చూసి "ఏటికొప్పాకదా? కొండపల్లిదా?" అని అడుగుతూంటారు. రెండూ కాదు. ఇది ఈ అమెరికా గడ్డ మీదే, మేముంటున్న కొలరాడో రాష్ట్రంలోనే, ముళ్ళకంచె వెనకాల తయారైన పిట్ట. దాని కథ చెబుదామనే ఈ వ్యాసం. పిట్టకథే అయినా కాస్త ఓపిక పట్టి చదవమని మనవి.

క్యాంపు అంటే ఏ క్యాంపు?

మేము డెన్వరు పక్క ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నది 1998లో. మా పక్కింట్లో జపాను సంతతికి చెందిన పెద్దావిడ ఒకరు ఒంటరిగా ఉండేవారు. మంచు పడితే మేము ఆవిడ వాకిలి కూడా శుభ్రం చేసేవాళ్ళం. ఆవిడ తన పెరట్లో కాసిన వంకాయలు మాకిచ్చేవారు. ఆదివారం గుడికి వెళ్ళేటప్పుడు ఆవిడ కోటు మీద ఎప్పుడూ ఒక కొయ్యపిట్ట ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక "ఎక్కడ కొన్నారండీ?" అని అడిగాను.

"కొన్నది కాదు. క్యాంపులో ఉన్నప్పుడు మా నాన్న చేశాడు."

క్యాంపు అంటే మా పిల్లలు వేసవిలో వెళ్ళే క్యాంపు లాంటిదనుకున్నాను. "మీ నాన్నగారికి క్యాంపింగ్ సరదానా?" అన్నాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు.

"సరదా కాదు. మూడేళ్ళున్నాం" అన్నారు.

ఈ దేశానికి వచ్చేటప్పుడు జీఆర్ఈ కోసం నాలుగు వేల ఇంగ్లీషు మాటలు బట్టీ పట్టినవాణ్ణి. కానీ ఈ దేశ చరిత్రలో క్యాంపు అన్న చిన్న మాటకి ఉన్న అర్థం నాకు అప్పటిదాకా తెలియదు. సిగ్గుపడి, ఆ వారమే లైబ్రరీకి వెళ్ళాను.

తెలిసిన సంగతులు క్లుప్తంగా ఇవి. 1941 డిసెంబరు 7న జపాను పెర్ల్ హార్బరు మీద దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్వెల్టు 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం చేశారు. దాని ఆధారంగా పసిఫిక్ తీరంలో ఉన్న జపాను సంతతి వాళ్ళందరినీ ఇళ్ళు ఖాళీ చేయించారు. చివరికి సుమారు 1,20,000 మందిని నిర్బంధంలో పెట్టారు. వాళ్ళలో మూడింట రెండు వంతుల మంది ఈ దేశంలోనే పుట్టిన పౌరులు. ఎవరి మీదా నేరారోపణ లేదు, విచారణ లేదు. చేత్తో మోసుకోగలిగినంత సామానే తెచ్చుకోవాలి. ఒక్కొక్క కుటుంబానికీ ఒక నంబరు ఇచ్చారు. ఆ నంబరు రాసిన చీటీని సామానుకీ కట్టారు, మనుషుల కోట్లకీ కట్టారు. ముసలివాళ్ళ నుంచి చంటిపిల్లల దాకా అందరికీ.

మా పక్కింటావిడకి అప్పుడు తొమ్మిదేళ్ళు. కాలిఫోర్నియాలోని లివింగ్‌స్టన్ దగ్గర వాళ్ళకి పీచ్ తోట ఉండేది. కాయ ఇంకా పండకముందే తోట వదిలేసి, మెర్సెడ్‌లో తిరునాళ్ళు జరిగే మైదానంలో ఆదరాబాదరాగా కట్టిన తాత్కాలిక శిబిరంలో ఆ వేసవి గడిపారు. తరవాత రైలెక్కించి కొలరాడోలో ఆగ్నేయ మూలన, గ్రనడా అనే చిన్న ఊరి పక్కన కట్టిన శిబిరానికి తెచ్చారు. ఆ శిబిరాన్ని అమాచీ అనేవారు. అది షయెన్ తెగ నాయకుడొకరి కూతురి పేరు. అలాంటి శిబిరాలు మొత్తం పది. కాలిఫోర్నియాలో మంజనార్, ట్యూల్ లేక్. ఆరిజోనాలో పోస్టన్, హీలా రివర్. యూటాలో టోపాజ్, ఐడహోలో మినిడోకా, వయోమింగ్‌లో హార్ట్ మౌంటెన్, ఆర్కన్సాలో రోవర్, జెరోమ్, పదోది మా అమాచీ.

ఖాళీ చేతులు

అమాచీలో ఒక దశలో 7,000 మందికి పైగా ఉండేవారు. 20 అడుగుల వెడల్పు, 120 అడుగుల పొడవు ఉన్న షెడ్డును గదులుగా విడగొట్టి గదికొక కుటుంబాన్ని పెట్టారు. గదిలో సైనికుల మడత మంచాలు, ఒక బొగ్గు కుంపటి, వేలాడే ఒక బల్బు. అంతే. కుర్చీ లేదు, బల్ల లేదు, గూడు లేదు. తిండి ఉమ్మడి భోజనశాలల్లో, స్నానాలు ఉమ్మడి స్నానశాలల్లో. చుట్టూ ముళ్ళకంచె, కాపలా బురుజులు.

శిబిరంలో పని చేస్తే జీతం ఇచ్చేవారు. నెలకి 12, 16, లేదా 19 డాలర్లు. డాక్టరుకైనా 19 డాలర్లే. అంతకంటె పెద్ద సమస్య, చాలామంది పెద్దవాళ్ళకి చేయడానికి పనే లేకపోవడం. ముప్ఫై ఏళ్ళపాటు తెల్లారకముందే లేచి పొలంలోనో, చేపల పడవ మీదో, లాండ్రీలోనో, కిరాణా కొట్టులోనో పని చేసినవాళ్ళు. వండి పెట్టడం కూడా తల్లుల చేతుల్లోంచి పోయింది.

ముందు అవసరానికి పనికొచ్చేవి చేసుకున్నారు. షెడ్లు కట్టగా మిగిలిన చెక్కముక్కల కోసం చీకటిపడ్డాక వెతికేవారట. వాటితో కుర్చీలు, బల్లలు, అరలు తయారయ్యాయి. తరవాత కాళ్ళకి గెటాలు. గెటా అంటే మన పాంకోళ్ళ లాంటిదే. కాకపోతే పట్టుకోవడానికి బొడిపె బదులు బట్టతో చేసిన పట్టీ ఉంటుంది. స్నానాల గది దాకా బురదలో, దుమ్ములో నడవాలి కనక ఎత్తైన మడమల కొయ్య చెప్పులు బాగా పనికొచ్చాయి.

అవసరాలు తీరాక అలంకారం మొదలైంది. ట్యూల్ లేక్, టోపాజ్ శిబిరాలు ఎండిపోయిన సరస్సుల నేలల మీద ఉన్నాయి. అక్కడి ఆడవాళ్ళు మట్టి తవ్వి, జల్లించి, బియ్యపుగింజలంత గవ్వలు ఏరి, వాటితో పువ్వుల బ్రూచ్‌లు చేశారు. గవ్వలు లేని చోట కొయ్య ఉంది. మిగతా వ్యాసమంతా ఆ కొయ్యపని గురించే.

పిట్ట ఎలా తయారవుతుంది

ఆవిడ చెప్పిందీ, నేను తరవాత చదివిందీ కలిపి చెబుతున్నాను.

సరుకులొచ్చిన పెట్టెల చెక్కలు, కట్టడాలకు వాడగా మిగిలిన ముక్కలు, ఇవే ముడిసరుకు. పిట్ట బొమ్మ కోసం పాత నేషనల్ జియోగ్రఫిక్ సంచికలు, పక్షుల బొమ్మల కార్డులు వెతికేవారు. బొమ్మని పలచటి కాగితం మీదకి దించుకుని, ఆ అచ్చుని చెక్క మీద పెట్టి గీసేవారు. ఆ గీత వెంట సన్నని రంపంతో కోసి, తరవాత కత్తితో పొట్ట, మెడ, ముక్కు తీర్చేవారు. వెనక భాగం బల్లపరుపుగా ఉంచాలి, లేకపోతే బట్ట మీద సరిగ్గా కూచోదు. చెక్కపీచు ఎటు పోతోందో చూసుకోకుండా కత్తి పెడితే తోకో ముక్కో ఊడి వస్తుంది. ఆవిడ వాళ్ళ నాన్న మొదట చేసిన మూడు పిట్టలకీ ముక్కులు లేవట.

పనిముట్లు కొనుక్కునే చోటు కాదు. పాత రంపం బ్లేడు ముక్కలూ, పారేసిన ఇనుప ముక్కలూ కాల్చి, సాగగొట్టి, సానబెట్టి చిన్న కత్తులు చేసుకున్నారు. నున్నగా అయ్యేదాకా గరుకు కాగితంతో రుద్ది, రంగు మీద రంగు వేసి, చివర వార్నీషు పూసేవారు. మెడ దగ్గర ఒక రంగు మరో రంగులోకి కలిసిపోయే చోట సన్నని కుంచెతో ఈక ఈకా దిద్దేవారు.

అన్నిటికన్నా నాకు నచ్చినది కాళ్ళ సంగతి. కొయ్యతో అంత సన్నని కాళ్ళు చెక్కలేరు. కిటికీలకి కొట్టిన దోమతెర చివర్లలో, చట్రం దాటి మిగిలిపోయిన తీగపోగులుంటాయి కదా, వాటిని కత్తిరించి, వంచి, కాళ్ళూ వేళ్ళూ చేశారు. మీరెప్పుడైనా ఏ మ్యూజియంలోనైనా ఈ పిట్టల్ని చూస్తే కాళ్ళ వంక ఒకసారి చూడండి. అది ఆ నిర్బంధ శిబిరపు కిటికీ తీగ. చివరికి వెనకాల పిన్నీసు అతికిస్తే కోటుకి పెట్టుకునే నగ తయారు.

శిబిరాల్లో వయోజనులకి చేతిపనుల తరగతులు నడిచేవి. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు, ప్రదర్శనలు పెట్టుకున్నారు. పోస్టన్‌లో ఈ పని మొదలుపెట్టిన యొనెగుమా, కియోకా తకహాషి దంపతులు యుద్ధం ముగిశాక కూడా పిట్టలు చెక్కుతూనే ఉన్నారు.

నేను చదువుకున్నవాడి తెలివితో ఆవిణ్ణి ఒక ప్రశ్న అడిగాను. "కంచె లోపల ఉన్నవాళ్ళు కంచె దాటి ఎగరగలిగే పిట్టల్ని చెక్కారు. స్వేచ్ఛకి గుర్తుగానేనా?"

ఆవిడ ఈసారి నవ్వారు. "మా నాన్నకి చేతులు ఊరికే పెట్టుకుని కూచోవడం చాతకాదు. అందుకని చెక్కాడు" అన్నారు. ఒక నిమిషం ఆగి, "ఆ కోటుకే మొదట నంబరు చీటీ కట్టారు. అమ్మ ఆ చీటీ విప్పి దాచింది. నాన్న ఆ చోట పిట్టని పెట్టాడు" అన్నారు.

నడుముకి వేలాడిన శిల్పం

శిబిరాల్లో చెక్కినవాళ్ళలో ఎక్కువమంది పుట్టు శిల్పులు కారు. అయినా దుస్తులకి కొయ్య అలంకారం తగిలించుకోవడం జపాను వాళ్ళకి కొత్త కాదు. కిమోనోకి జేబులుండవు. మన తాతలు పొగాకు సంచి రొంటిన దోపుకున్నట్టే, వాళ్ళు పొగాకు సంచినీ, మందుల డబ్బీనీ తాడుకి కట్టి, నడికట్టు కిందనుంచి పైకి లాగి వేలాడదీసుకునేవారు. తాడు జారిపోకుండా పై కొసన ఒక గుండీ లాంటిది ఉండాలి. దాని పేరే నెట్సుకే. 1603 నుంచి 1868 దాకా నడిచిన ఎదో యుగంలో ఈ గుండీ గొప్ప శిల్పమైంది. కొయ్యలోనో, దంతంలోనో, గుప్పిట్లో ఇమిడేటంత ఎలుక, తాబేలు, నిద్రపోతున్న ముసలాయన ఇలా ఎన్నో చెక్కారు. బట్టకి తట్టుకోకుండా నున్నగా ఉండాలి, తాడు పోవడానికి బెజ్జాలుండాలి, అన్ని వైపుల నుంచీ అందంగా ఉండాలి. మెయిజీ కాలంలో జేబులున్న పడమటి దుస్తులు రావడంతో నెట్సుకేతో పని తీరిపోయింది. అవి సేకరణల్లోకి, మ్యూజియాలకి చేరాయి.

ఇలా జపానులో పాతబడిపోయిన అలవాటు, అంటే కొయ్యతో చేసిన చిన్న ప్రాణిని ఒంటిమీద పెట్టుకోవడం, అమెరికా ఎడారుల్లో కొత్త రూపంలో కనిపించింది. తాడు గుండీ పోయి పిన్నీసు వచ్చింది.

అమ్మ, అంకుడు కర్ర

2004లో మా అమ్మ మా దగ్గరికి వచ్చింది. అమ్మ పుట్టిల్లు యలమంచిలి దగ్గర. ఏటికొప్పాక అక్కడికి పక్కనే. అమ్మకి ఇంగ్లీషు రాదు, పక్కింటావిడకి తెలుగు రాదు. అయినా ఇద్దరూ సాయంత్రాలు మా వెనక వరండాలో కూచుని గంటలు గంటలు గడిపేవారు. ఒకరోజు అమ్మ ఆవిడ కోటు మీది పిట్టని చేతిలోకి తీసుకుని, గోటితో గీరి చూసి, నాతో "ఇది అంకుడు కర్ర కాదురా, ఇంకా మెత్తన. లక్క కూడా కాదు, రంగే" అంది. వెనక్కి తిప్పి "పిన్నీసే!" అని సంబరపడింది. మన అమ్మల గాజులకి ఎప్పుడూ ఒక పిన్నీసు వేలాడుతూ ఉండేది గుర్తుందా? అలా వేలాడుతున్న తన పిన్నీసును ఆవిడకి చూపించింది.

ఏటికొప్పాక పని వేరు. అంకుడు కర్రని తిరిగే చట్రానికి బిగించి, ఉలితో నున్నగా తీర్చి, తిరుగుతున్న కర్రకి లక్క బద్దని ఒత్తి పట్టుకుంటారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. తరవాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. గాజులు, పూసలు, భరిణెలు, మనం చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతలు అలా వచ్చినవే. పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి వాటితో చేసే రంగులకి అక్కడ మళ్ళీ ప్రాణం పోసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

అది తాతల నుంచి మనవలకి వచ్చిన విద్య. అమాచీలోది అలా వచ్చింది కాదు. పీచ్ చెట్లు కత్తిరించిన చేతులు ఒక్క చలికాలంలో నేర్చుకున్న విద్య. జపాను భాషలో గమాన్ అని ఒక మాట ఉంది. భరించలేనిదాన్ని ఓర్పుతో, పరువు పోగొట్టుకోకుండా భరించడం అని దాని అర్థం. మన ఓరిమి అన్న మాట దానికి దగ్గరగా వస్తుంది.

అమ్మ తిరిగి వెళ్ళే ముందు పక్కింటావిడ ఒక డబ్బా తెచ్చారు. అందులో వాళ్ళ నాన్న చేసిన పిట్టలు ఇంకా నాలుగున్నాయి. నీలం రెక్కల పిట్టని తీసి అమ్మ పైట దగ్గర తనే గుచ్చారు. అమ్మ లోపలికి వెళ్ళి, పెట్టెలోంచి తన ఏటికొప్పాక బొట్టు భరిణె తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

ఇది వాళ్ళ కథేనా?

ఇదంతా జపాను వాళ్ళ గొడవ, మనకేమిటి అనిపించవచ్చు. కొన్ని సంవత్సరాలు గుర్తు పెట్టుకుందాం. జపానులో పుట్టిన తకావో ఒజావా పౌరసత్వానికి అర్హుడు కాడని సుప్రీం కోర్టు చెప్పింది 1922లో. పంజాబు నుంచి వచ్చిన భగత్ సింగ్ థిండ్ కూడా అర్హుడు కాడని అదే కోర్టు చెప్పింది 1923లో. రెండు తీర్పులకీ మధ్య మూడు నెలలు. భారతీయులకి ఆ తలుపు తెరిచింది 1946లో, జపాను వాళ్ళకి 1952లో. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల మొదట్లో ఇక్కడికి వచ్చి, ఆ యుద్ధకాలంలోనే లెడర్లీ ప్రయోగశాలలో ఈ దేశానికి మందులు కనిపెడుతూ, చట్టం దృష్టిలో పరాయివాడిగానే ఉన్నారు. పౌరుడు కాకుండానే 1948లో కన్నుమూశారు. అమాచీలోని తల్లిదండ్రులదీ అదే స్థితి. ముప్ఫై ఏళ్ళున్నా వాళ్ళని పౌరులు కానివ్వలేదు. పౌరులు కాని కారణంగానే శత్రుదేశస్థులన్నారు. మరి పౌరులైన వాళ్ళ పిల్లల్నీ అదే కంచెలో పెట్టారు. అంటే కాగితం కూడా కాపాడలేదు.

ఎదురు నిలిచినవాళ్ళూ లేకపోలేదు. మా కొలరాడో గవర్నరు రాల్ఫ్ కార్ ఈ నిర్బంధం రాజ్యాంగ విరుద్ధమని బాహాటంగా అన్నారు. 1942లో సెనేట్ ఎన్నికలో ఓడిపోయారు. డెన్వరు సకురా స్క్వేర్‌లో ఆయన విగ్రహం ఉంది. ఈసారి అటు వెళ్తే చూడండి. 1988లో అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన చట్టంతో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, అప్పటికి బతికున్నవాళ్ళకి తలా 20,000 డాలర్లు ఇచ్చింది. చిన్నప్పుడు వయోమింగ్ శిబిరంలో ఉన్న నార్మన్ మినెటా 2001 సెప్టెంబరులో రవాణా శాఖ కార్యదర్శిగా ఉన్నారు. విమానాశ్రయాల్లో రంగు, మతం చూసి మనుషుల్ని వేరు చేయకూడదని ఆయన గట్టిగా పట్టుబట్టారు. ఆ రోజుల్లో విమానమెక్కిన మనందరం ఆయనకి కొంత బాకీ ఉన్నాం.

గరాజులో పెట్టెలు

2011లో పక్కింటావిడ పోయారు. ఇల్లు ఖాళీ చేయడానికి ఆవిడ కూతురు వచ్చింది. నేనూ సాయం వెళ్ళాను. గరాజులో వెనక అరలో ఒక బిస్కట్ల డబ్బా. అందులో పిట్ట బొమ్మల కాగితపు అచ్చులు, రంగు ఎండిపోయిన కుంచె, వంచిన తీగ ముక్కలు, నంబరు వేసిన పాత చీటీ ఒకటి. పక్కనే మా అమ్మ భరిణె. కూతురు ఆ చీటీ పట్టుకుని "ఇదేమిటో మీకేమైనా తెలుసా? అమ్మ మాకెప్పుడూ ఏమీ చెప్పలేదు" అంది.

తల్లి కథ కూతురికి పక్కింటి తెలుగువాడు చెప్పవలసి వచ్చింది. ఆ సాయంత్రం ఆ గరాజులో ఇద్దరం చాలాసేపు కూచున్నాం.

ఇలా మౌనంగా ఉండిపోయిన ఇళ్ళు చాలా ఉన్నాయని తరవాత తెలిసింది. డెల్ఫీన్ హిరసూనా అనే రచయిత్రి 2000లో తల్లి పోయాక గరాజులో ఒక పెట్టె తెరిస్తే శిబిరంలో చేసిన కొయ్యపిట్ట దొరికింది. ఆవిడ అలాంటి వస్తువుల కోసం వెతుకుతూ వెళ్ళి, గమాన్ అన్న మాటే పేరులో పెట్టి 2005లో పుస్తకం తెచ్చారు. 2010లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ వారి రెన్విక్ గ్యాలరీలో ఆ వస్తువుల ప్రదర్శన జరిగింది. 2015లో, శిబిరవాసులు ఒకప్పుడు అలెన్ ఈటన్ అనే కళాభిమానికిచ్చిన సుమారు 450 వస్తువుల్ని వేలం వేయబోతే, జపాను సంతతి వాళ్ళు ఒక్కటై ఆపించారు. అవి లాస్ ఏంజెలెస్‌లోని జపనీస్ అమెరికన్ నేషనల్ మ్యూజియానికి చేరాయి. అమాచీని జాతీయ చారిత్రక స్థలం చేస్తూ 2022లో చట్టం వచ్చింది. అంతకు ముందు 1993 నుంచీ ఆ స్థలాన్ని చూసుకున్నది గ్రనడా హైస్కూలు పిల్లలు. మా ఇంటినుంచి నాలుగు గంటల ప్రయాణం. సిమెంటు పునాదులు, శ్మశానం, గాలి.

మా అమ్మ 2015లో పోయింది. పక్కింటావిడ కూతురు తిరిగిచ్చిన భరిణె ఇప్పుడు కొయ్యపిట్ట పక్కనే ఉంది. మొన్న మా అమ్మాయి "ఈ డబ్బీ నానమ్మకి ఎవరిచ్చారు? పెళ్ళిలో ఇచ్చిందా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పక్కింటావిణ్ణి పిట్ట గురించి పది ప్రశ్నలు వేశాను. ఇంట్లో ఉన్న అమ్మని ఆ భరిణె గురించి ఒక్కటీ అడగలేదు. అడిగితే ఏటికొప్పాకలో ఎవరింట్లో, ఏ ఏడు, ఎంతకి కొన్నదీ చెప్పేదే.

ఈ మూడు రోజుల సంబరాల్లో మనందరి గుండెల మీదా పేరు రాసిన బ్యాడ్జీలుంటాయి. ఊరు, పేరు అందరికీ కనిపించేలా పెట్టుకుని, గర్వంగా తిరుగుతాం. అలా తిరగగలగడం ఎంత భాగ్యమో ఆ నంబరు చీటీ చూశాక నాకు తెలిసింది. మీ పక్క కుర్చీలో మనవల్ని చూడ్డానికి వచ్చిన ఏ పెద్దావిడో, పెద్దాయనో కూచుని ఉంటారు. వాళ్ళు వెంట తెచ్చుకున్న పెట్టెలో ఏముందో, అది ఎవరు చేశారో, ఎవరిచ్చారో, ఈ రాత్రే అడగండి. పిల్లల్ని కూడా పక్కన కూచోబెట్టుకుని అడగండి.